మక్క గారెల పేజీ

నాకు ఉద్యోగం వచ్చిన కొన్నాళ్లకే మా నాన్న నా స్కూటీకి ప్రెస్ అని స్టిక్కరు అంటించాడు. నన్ను అడగలేదు. పొద్దున బండి తీయబోతే హెడ్‌లైటు పైన ఎర్రగా మెరుస్తోంది. రేడియం షాపాయన నాన్నకు దోస్తు కావడంతో అక్షరాలు కాస్త పెద్దవే కోసిచ్చాడు.

"వద్దు నాన్నా, తీసెయ్. మాది వంటలు, ముగ్గుల బుక్కు. ఇజ్జత్ పోతది," అన్నాను.

"ప్రెస్సుల అచ్చయితదా, కాదా?"

"అయితది."

"మరి ప్రెస్సే గద బిడ్డా."

రైల్వేలో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయనతో వాదించి గెలిచినవాళ్లు మా సీతాఫల్‌మండి గల్లీలో లేరు. నేనూ గట్టిగా వాదించలేదు. నిజం చెప్పాలంటే, ట్రాఫిక్ పోలీసు ఆ స్టిక్కరు చూసి పక్కకు తప్పుకోగానే నాకూ కొంచెం హాయిగానే అనిపించింది. సిగ్గుపడాల్సిన పని అక్కడే మొదలైందేమో. అప్పటికింకా నాకు అంత సిగ్గు రాలేదు.

జర్నలిజం పీజీ చేసేటప్పుడు క్లాసులో అందరికంటే పెద్ద గొంతు నాదే. అధికారాన్ని నిలదీయని రాత అసలు రాతే కాదని సెమినార్‌లో బల్ల గుద్ది మరీ చెప్పాను. చప్పట్లు కూడా కొట్టారు. చదువు అయిపోయాక టీవీ చానళ్ల చుట్టూ, వెబ్‌సైట్ల చుట్టూ చెప్పులరిగేలా తిరిగితే, చివరికి రాంగోపాల్‌పేట్‌లో ఒక ఆడవాళ్ల మాసపత్రిక వాళ్లు రమ్మన్నారు. కింద బాత్రూమ్ సామాన్ల దుకాణం, పైన మా ఆఫీసు. బంగారం షాపులు, పట్టుచీరల షాపుల ప్రకటనలతో బతికే పత్రిక. ఎడిటర్ మేడం, పేజీలు పెట్టే అతను, ప్రకటనలు చూసే పెద్దాయన, నేను. పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటారే, నా ఉద్యోగం అచ్చంగా అదే.

నాకిచ్చిన మొదటి పని ఇంటి చిట్కాలు. బియ్యం డబ్బాలో వేపాకు వేస్తే పురుగు పట్టదు. ఇత్తడి సామాను చింతపండుతో తోమితే తళతళలాడుతుంది. వీటిని నేను కనిపెట్టనక్కర్లేదు. ఆఫీసు బీరువాలో పాత సంచికలన్నీ ఏడాదివారీగా బైండు చేసి ఉండేవి. ఏ నెలకు ఆ నెల తీసి, కిందివి పైకీ పైవి కిందికీ మార్చి, మాటలు అటూ ఇటూ చేస్తే సరిపోయేది. "పాఠకులు ఏడాదికోసారి మరిచిపోతారమ్మాయ్, కంగారుపడకు," అంది మేడం. రాజమండ్రి నుంచి వచ్చి నలభై ఏళ్లుగా మారేడ్‌పల్లిలో ఉంటున్నా ఆవిడ మాటలో గోదావరి ఇంకా ఎండలేదు. చిట్కాల కింద నా పేరుండదు. 'సేకరణ' అని ఉంటుంది. మొదటి సంచిక ఇంటికి తెస్తే నాన్న కళ్లద్దాలు పెట్టుకుని అట్ట నుంచి అట్ట దాకా వెతికి, "నీ పేరేది?" అని అడిగాడు. కొత్తవాళ్లకు పేరు వేయరని చెప్పాను. "మెల్లగ ఏస్తరు తియ్," అని ఆ పుస్తకాన్నే గల్లీ అంతా తిప్పాడు.

క్లాస్‌మేట్ల వాట్సాప్ గ్రూపులో ఒకడు వరదల్లో మోకాలి లోతు నీళ్లలో మైకు పట్టుకున్న ఫోటో పెట్టేవాడు. ఇంకొకతె అసెంబ్లీ ముందు. నువ్వెక్కడ అని అడిగితే "మ్యాగజైన్ జర్నలిజం" అని ఊరుకునేదాన్ని. ఏ మ్యాగజైనో చెప్పడానికి నోరు వచ్చేది కాదు.

గల్లీలో మాత్రం సంగతి వేరు. నాన్న పుణ్యమా అని నేను పెద్ద రిపోర్టర్‌ని. ఒకాయన బండి చలానా మాఫీ చేయించమని వచ్చాడు. ఒకామె పింఛను ఆగిపోయిందని కాగితాలు పట్టుకుని వచ్చింది. నేను పచ్చడి నిలవ చేయడం గురించి తప్ప ఇంకేమీ రాయడం లేదని చెప్పేయొచ్చు. చెప్పలేదు. "చూస్తా," అనేదాన్ని. ఆ మాట వినగానే వాళ్ల ముఖాలు వెలిగేవి, నాన్న మీసం కొంచెం లేచేది. నేనేమీ చూసేదాన్ని కాదు. కొన్నాళ్లకు వాళ్లే మరిచిపోయేవారు.

మొన్నటి వానాకాలంలో మాత్రం మరిచిపోలేని పని వచ్చి పడింది.

మా గల్లీకి నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. ఒకరోజు నల్లా తిప్పితే నీళ్లు పచ్చగా, మురుగు మోరీ వాసనతో వచ్చాయి. కాసేపు పోనిస్తే తేటపడతాయని బిందెలకు బిందెలు పారబోశారు. తేటపడలేదు. ఆ తర్వాతా అంతే. ఎక్కడో నేల కింద నల్లా పైపుకు చిల్లిపడి మోరీ నీళ్లు కలుస్తున్నాయని నాన్న తేల్చేశాడు. నీళ్ల ఆఫీసుకు ఫోన్లు చేస్తే ఎత్తినవాళ్లు నంబరు రాసుకున్నారు, అంతే. పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. పక్కింటి అత్తమ్మ కోడలికి పచ్చకామెర్లు వచ్చాయి. అత్తమ్మంటే చుట్టరికం ఏమీ లేదు, పుట్టినప్పటి నుంచీ వరుస కలిపి పిలవడమే. ఆ కోడలు అప్పటికి నెలలు నిండుతున్న మనిషి. కామెర్లు కడుపులో బిడ్డకు మంచిది కాదని ఆస్పత్రిలో చేర్చుకున్నారు. అత్తమ్మ అక్కడికీ ఇక్కడికీ తిరుగుతూ సగమైపోయింది.

సరిగ్గా అప్పుడే మా వానాకాలం సంచిక వచ్చింది. నాన్న యథాప్రకారం గల్లీలో తిప్పాడు. సాయంత్రం అత్తమ్మ పుస్తకం పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. నా చిట్కాల పేజీ తెరిచి ఉంది. మొదటి చిట్కా: వానాకాలంలో నీళ్లు కాచి చల్లార్చి తాగాలి.

"నువ్వే రాసినవంట గద బిడ్డా," అంది. ఆమె గొంతులో వెటకారం ఏమీ లేదు, అదే నా ప్రాణం తీసింది. "మోరీ నీళ్లు కాస్తే మోరీ వాసన పోతదా? నేను కాచి చూసిన. పోతలేదు. ఇంకేమన్న ఉంటే చెప్పు."

తల కొట్టేసినట్టయింది. అది పాత సంచికలోంచి ఎత్తి రాసిన వాక్యం. రాసేటప్పుడు మా నల్లా గుర్తుకు కూడా రాలేదు. ఈలోగా నాన్నే అందుకున్నాడు.

"ఊకె చిట్కాలెందుకు? రేపు మనమే పోదాం నీళ్ల ఆఫీసుకు. ప్రెస్సంటే ఉచ్చ పోసుకుంటరు."

మర్నాడు వెళ్లాం. స్కూటీ మీద నేనూ, వెనక అత్తమ్మా. నాన్న ఆటోలో. బండి సరిగ్గా అక్కడి ఇంజినీరు, ఏఈ గారి కిటికీ ముందు ఆపమని నాన్న చేతులతో సైగలు చేస్తుంటే ఎక్కడికైనా పారిపోదామనిపించింది. కానీ స్టిక్కరు పని చేసింది. అంతసేపూ సారు మీటింగులో ఉన్నాడన్న అటెండరే పరుగెత్తుకొచ్చి, "ప్రెస్ మేడంను లోపలికి రమ్మంటున్రు," అన్నాడు. నన్నొక్కదాన్నే. నాన్న, అత్తమ్మ వరండా బెంచీ మీద కూర్చున్నారు.

ఏఈ మా నాన్న కంటే కాస్త చిన్నవాడు. కుర్చీ చూపించి చాయ్ తెప్పించాడు. "ఏ పేపరు మేడం?"

అబద్ధం ఆడదామా అని ఒక్క క్షణం అనిపించింది. పత్రిక పేరు చెప్పాను. నవ్వుతాడనుకుని కప్పులోకి చూశాను. నవ్వాడు కానీ, అది నేననుకున్న నవ్వు కాదు.

"అరె! గది మా ఇంటికి వస్తది గద! మా మేడం దానికి ఎన్నిసార్లు వంటలు పంపిందో. ఒక్కటి సుత పడలె. ఇంట్ల రోజూ నాతోటి లొల్లి. ఇంత పెద్ద ఆఫీసరువు, ఒక్క వంట ఏయించలేవా అంటది." గొంతు తగ్గించాడు. "జెర చూడండి మేడం. మీ గల్లీ పైపు రేపు పొద్దుగాల్నే చూపిస్త."

ఆయన షరతేమీ పెట్టలేదు. రెండు మాటలూ పక్కపక్కన పెట్టాడు, అంతే. తాగునీళ్లు ఇవ్వడం నీ ఉద్యోగం కాదా అని అడగాల్సింది. సెమినార్‌లో అయితే కచ్చితంగా అడిగేదాన్ని. అద్దం తలుపు అవతల నాన్న మెడ చాచి నా వైపే చూస్తున్నాడు. ఆ చూపు ముందు ఉత్త చేతులతో బయటికి రావడం నావల్ల కాదనిపించింది.

"చూస్తాను సార్," అన్నాను.

మర్నాడు పొద్దున్నే మనుషులొచ్చి తవ్వారు. నాన్న చెప్పినట్టే పైపుకు చిల్లి. సాయంత్రానికి కొత్త పైపు వేశారు. ఆ తర్వాత నల్లా వచ్చిన రోజు గల్లీ గల్లీ అంతా గ్లాసులు పట్టుకుని నీళ్లను ఎండలోకి ఎత్తి చూసుకున్నారు. అత్తమ్మ నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. నేను చేతులు లాక్కున్నాను. వినయం అనుకుంది.

ఇక్కడ మా పత్రికలో ఒక పేజీ గురించి చెప్పాలి. నెలకో పాఠకురాలి వంట పూర్తి పేజీ వేసి, ఆమె ఫోటో పెట్టి, బహుమతిగా ప్రెషర్ ప్యాన్ పంపిస్తాం. వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు చదివి ఎంపిక చేసేది నేనే. ఎంపిక కాగానే ఆమెకు ఫోన్ చేసి, మీ వంట వచ్చే నెల వస్తోంది, ఫోటో పంపండి అని చెప్పడం మా ఆఫీసు పద్ధతి. ఆ నెలకు సిద్దిపేట వైపు పల్లెటూరి నుంచి ఒకామె మక్క గారెలు పంపింది. లేత మొక్కజొన్న కంకి గోరుతో గిల్లితే పాలు కారాలి, ముదిరితే గారె గట్టిపడుతుంది, మిక్సీలో వేస్తే పాలన్నీ పోతాయి, రోట్లో కచ్చాపచ్చాగానే దంచాలి అని, పక్కన కూర్చుని చెబుతున్నట్టు రాసింది. చదువుతుంటే నోరూరింది. ఆ ఉద్యోగంలో నాకు నిజంగా నచ్చి చేసిన పని ఏదైనా ఉందంటే ఆ ఎంపికే. ఫోన్ చేస్తే ఆమె నమ్మలేదు. "నాదేనా బిడ్డా? మల్లొక్కసారి చూడు," అంది. అంతా అయ్యాక ఫోన్ పెట్టేయడం మరిచి, ఎవరినో కేకేసి మరీ చెప్పడం వినబడింది. ఫోటో పంపింది. పేజీ తయారైంది.

ఏఈ భార్య వంట ఆ పేజీకే వచ్చింది. గోంగూర పనీర్ ఫ్రాంకీ, అంటే కూర పెట్టి చుట్టిన చపాతీ. ఫోటోలో ఆవిడ పట్టుచీర, వడ్డాణంతో గరిటె పట్టుకుని ఉంది. పుల్లటి గోంగూరలో పనీరు ఎందుకు పడిందో ఆ పనీరుకే తెలియాలి. దసరా సంచిక దాటాక వేద్దామనుకున్నాను. కానీ పైపు వేశాక తవ్విన గుంత అలాగే నోరు తెరుచుకుని ఉంది. వాన పడితే అందులో నీళ్లు నిండుతున్నాయి. ఏఈ ఫోన్ చేసి, "గుంత పూడ్పిస్త మేడం. మా మేడందీ ఈ నెల్నే వస్తది కదా?" అన్నాడు. మళ్లీ పక్కపక్కనే.

పేజీలు ప్రెస్సుకు వెళ్లే రోజు ఎడిటర్ మేడం దగ్గరికి వెళ్లి, మక్క గారెలు అందరికీ తెలిసినవే, ఇదైతే కొత్తగా ఉంది, కుర్రాళ్లు ఇష్టపడతారు అన్నాను. ఎంత చక్కగా చెప్పానో నాకే ఆశ్చర్యం వేసింది. "నీ ఇష్టమేనమ్మాయ్. ఆ గారెలావిడకి మాత్రం ఫోన్ చేసి చెప్పు, పాపం ఎదురుచూస్తుంటుంది," అంది మేడం. తర్వాతిది దసరా సంచిక, పూర్తిగా పిండివంటలకు ఇచ్చేశాం. ఆ తర్వాత లేత కంకుల కాలం అయిపోతుంది. ఆ గారెలకు ఇక చోటు లేదని తెలిసే తీయించాను. ఫోన్ చేయలేదు. రేపు చేస్తా, రేపు చేస్తా అనుకుంటుండగానే పుస్తకం బజార్లోకి వచ్చేసింది.

గుంత పూడింది. అత్తమ్మ కోడలు కోలుకుని ఇంటికొచ్చింది, ఆడపిల్ల పుట్టింది. బస్తీ పెద్దమనుషులు నాకు సన్మానం చేయాలని తీర్మానించారు. ఆదివారం గల్లీ మొదట్లో షామియానా, కుర్చీలు, మైకు. నా డిగ్రీ ఫోటో ఒకటి పెద్దది చేసి ఫ్లెక్సీ కట్టారు. దాని మీద 'డేరింగ్ జర్నలిస్ట్' అని రాసుంది. ఆ మాట నాన్నే రాయించాడని తర్వాత తెలిసింది. అప్పటికే ఆ పల్లెటూరామె నుంచి నా ఫోన్‌కు కాల్స్ వస్తున్నాయి. ఎత్తడం లేదు. నాకు శాలువా కప్పుతుంటే తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

మైకు చేతికిచ్చారు. ముందు వరసలో నాన్న ఇస్త్రీ చొక్కాలో, పక్కన అమ్మ. ఇక ఆగలేకపోయాను. నేనేమీ నిలదీయలేదని చెప్పాను. మా పత్రికలో ఏముంటుందో చెప్పాను. ఏఈ అడిగిందీ, నేను ఒప్పుకున్నదీ, ఎవరో ఒకామె వంట తీసేసి ఆయన భార్యది వేయించిందీ అంతా చెప్పేశాను. ఇక శాలువా వెనక్కి తీసుకుంటారనుకున్నాను. తీసుకుంటే బాగుండు అని కూడా అనుకున్నాను.

వెనక నుంచి ఎవరో, "వారెవ్వా! ఫ్రాంకీతోటి పైపు ఏయించినవా!" అని అరిచారు. అందరూ పగలబడి నవ్వారు. చప్పట్లు మొదలయ్యాయి, శాలువా కప్పినప్పటి కంటే గట్టిగా.

బస్తీ పెద్దాయన మైకు తీసుకుని, "గిదీ తెలివంటే! కొట్లాడితే ఏడాది పట్టేది. మన బిడ్డ ఒక్క వంటతోటి పని చేసుకొచ్చింది," అన్నాడు. నాన్న మొదట కొంచెం తెల్లబోయాడు. అటూ ఇటూ చూశాడు. అందరూ నవ్వుతున్నారని చూసుకుని తనూ నవ్వాడు. భోజనాల దగ్గర ఆ కథ ఆయనే ముగ్గురు నలుగురికి చెప్పాడు. ఇద్దరు నా పక్కకొచ్చి, కరెంటు ఆఫీసులో సారు భార్య ఏమన్నా వండుతుందేమో కనుక్కోమన్నారు. నిజం చెబితే బరువు దిగుతుందంటారు. నాకైతే అన్నం దిగలేదు.

ఇంటికొచ్చాక అమ్మ శాలువా మడత పెడుతూ, "గా పల్లెటామెకు ఏం జెప్పినవ్?" అంది.

"ఇంకా ఏం చెప్పలె."

"గీడ జెప్పినవ్ గద, గీళ్లందరికి."

"ఆమె ఫోన్ చేస్తె ఎత్తబుద్ధయితలేదమ్మా."

"ఎట్లయితది? గీడ జెప్తె చప్పట్లు కొట్టిన్రు. ఆమె కొట్టది గద," అని శాలువా బీరువాలో పెట్టి తలుపు వేసింది.

సోమవారం ఆఫీసు మెట్లెక్కుతుంటే మళ్లీ ఆ నంబరే. ఈసారి ఎత్తాను. నిజమే చెప్పాలని గట్టిగా అనుకుని ఎత్తాను. తిడుతుందని సిద్ధపడ్డాను.

"పరేషాన్ చేస్తున్న అనుకోకు బిడ్డా," అంది ఆమె. "పనిల ఉంటవ్, నాకెరుకే. మా అల్లుడు సిద్దిపేట పోయి బుక్కు తెచ్చిండు. మా ఆడిబిడ్డోళ్లు, చెల్లెండ్లు అందరు కొన్నరు. మల్ల మల్ల తిరిగేసినం. నాది కానొస్తలేదు. ఏం లేదు, ఒక్కటే అడుగుదామని. నా ఫోటో మంచిగ లేదనా తీసేసిన్రు? మా కోడలు అప్పుడే అన్నది, కండ్లు మూసుకున్నవ్ అత్తమ్మా, మల్ల దిగు అని. నేనే ఇనలె."

ఆ ఫోటోలో ఆమె కళ్లు మూసుకోలేదు. నవ్వినందుకు చిన్నవయ్యాయి, అంతే. ఆ మాట చెప్పి, అసలు సంగతి చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. నేను మెట్ల మధ్య గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆమె కారణం తనే వెతికి, తనే నా చేతిలో పెట్టింది. తీసుకోవడం ఎంత సులువో.

"అవునమ్మా," అన్నాను. "ఫోటో కొంచెం సరిగ్గా రాలేదు."

"గట్లనే అనుకున్న బిడ్డా. తప్పు నాదే. నిన్ను ఊకె తక్లీఫ్ పెట్టిన," అని ఫోన్ పెట్టేసింది.

సాయంత్రం ఆమె నుంచి వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది. స్టూడియోలో తీయించుకుంది. కొత్త చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చుంది. నవ్వలేదు. రెప్ప ఎక్కడ పడుతుందోనన్నట్టు, కళ్లు రెండూ పెద్దవి చేసి నా వైపు చూస్తోంది.